ఎక్స్‌రేకు చిక్కని గాయం

రామచంద్రపురం చుట్టుపక్కల ఎవరికైనా యాక్సిడెంటైందని ఫోనొస్తే అవతలివాళ్లు ముందు అడిగేది ఒక్కటే: "ఎముక విరిగిందా?" లేదంటే హమ్మయ్య అనుకుంటారు. విరిగిందంటే కారు కట్టించుకుని కాకినాడ బయల్దేరతారు. ఇలా అడగడం సహజమే. ఎముక ఎక్స్‌రేలో పడుతుంది, ఫిల్మును వెలుగుకు పెట్టి చూపిస్తే చదువులేని మనిషికైనా అర్థమవుతుంది. కానీ తోలు ఎంత నలిగింది, కండ ఎంత చచ్చింది, రక్తనాళం తెగిందా, నరం బతికుందా అన్నవి ఆ ఫిల్ములో ఉండవు. విరిగిన ఎముకకు రాడ్డో ప్లేటో వేసి నిలబెట్టడం ఇవాళ జిల్లా స్థాయిలో రోజూ జరిగే పని. ఆ ఎముకను కప్పడానికి రక్తప్రసారం ఉన్న కండ, తోలు మిగిలాయా లేదా అన్నదాన్ని బట్టే కాలు దక్కుతుంది. యాభై ఏళ్లుగా వచ్చిన పరిశోధనలన్నీ చుట్టూ తిరిగి చేరేది ఇక్కడికే. మన వైద్య ఏర్పాట్లు మాత్రం ఇంకా ఎముక చుట్టూనే ఉన్నాయి.

ఈ ప్రాంతంలో తగిలే దెబ్బల తీరు కూడా అలాంటిదే. సార్వా, దాళ్వా రెండు పంటలు పండే నేల. దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టరు కేజ్‌వీల్స్ కిందపడి నలిగే కాళ్లు, కోతలప్పుడు మిషన్లో చిక్కే చేతులు, ట్రాక్టరు వెనక తిరిగే షాఫ్టుకు లుంగీ చుట్టుకుని మనిషినే లాగేసే ప్రమాదాలు. ఇవి కాక రోడ్లు. ద్రాక్షారామం వైపు వెళ్లినా, మండపేట వైపు వెళ్లినా చాలాచోట్ల ఒక పక్క కాలువ, ఇంకో పక్క బోదె, మధ్యలో ధాన్యం లారీలు, ఇటుక ట్రాక్టర్లు, ముగ్గురెక్కిన బైకులు. దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్ల లెక్క పేపర్లో వస్తుంది. గాయపడ్డవాళ్లలో ఎందరు ఏడాది తర్వాత కూడా కట్టు మార్పించుకుంటున్నారో ఎవరూ లెక్కపెట్టరు.

అన్నిటికన్నా మామూలుగా కనిపించి మోసం చేసే దెబ్బ ఒకటుంది. బండి వెనక కూర్చున్న పిల్లల కాలు చక్రం చువ్వల్లో పడడం. మడమ వెనక తోలు కాస్త గీరుకుని, కమిలి ఉంటుంది. ఎక్స్‌రే బాగుంటుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర శుభ్రం చేయించి, నాలుగు కుట్లు వేయించి ఇంటికి తెస్తారు. కొద్ది రోజులకు ఆ కమిలిన తోలు ఊదారంగులోకి, తర్వాత నల్లగా మారి అట్టకడుతుంది. అట్ట ఊడితే అడుగున తెల్లగా మెరుస్తూ మడమ స్నాయువు బయటపడుతుంది. దాని మీద వేరేచోట తీసి పరిచే తోలు (స్కిన్ గ్రాఫ్ట్) పట్టదు, ఎందుకంటే పై పొర పోయిన స్నాయువులో గ్రాఫ్టును బతికించేంత రక్తం ఉండదు. ఎముక విరగలేదని సంతోషించిన ఇంట్లోనే ప్లాస్టిక్ సర్జన్ కోసం వెతుకులాట మొదలవుతుంది.

లారీ టైరు కాలి మీదెక్కి దిగినప్పుడు ఇదే పెద్ద ఎత్తున జరుగుతుంది. తోలు, దాని కింది కొవ్వు కలిసి కండ మీద నుంచి మేజోడు జారినట్టు విడివడిపోతాయి. ఒక్కోసారి పైన చిన్న గాటు కూడా ఉండదు. పందొమ్మిదో శతాబ్దంలోనే ఫ్రెంచి వైద్యుడు మోరెల్ లావలే దీన్ని వర్ణించాడు. చూడ్డానికి తోలు అక్కడే ఉంది కదా అని యథాస్థానంలో పెట్టి కుట్టేస్తే అది కుళ్లుతుంది, ఎందుకంటే అడుగు నుంచి వచ్చే రక్తనాళాలన్నీ తెగిపోయాయి. చేయవలసింది వేరు. ఆ తోలునే పూర్తిగా విడదీసి, కొవ్వంతా గీకేసి, పలచని గ్రాఫ్టుగా మార్చి మళ్లీ కండ మీద పరవాలి. ఈ పని మొదటి రోజు చేస్తే రోగి తోలు రోగికే పనికొస్తుంది. వారం ఆగితే అది చెత్తబుట్టలోకి పోతుంది, గ్రాఫ్టు కోసం తొడ మీద కొత్తగా తోలు తీయాల్సి వస్తుంది.

ఎముక మీదే చూపు పెడితే ఏమవుతుందో తెలుగు ప్రేక్షకులు ఎప్పుడో తెర మీద చూశారు. సుధా చంద్రన్ 1981లో తమిళనాడులో బస్సు ప్రమాదానికి గురైనప్పుడు ఆమెకు విరిగిన ఎముక కంటే చీలమండ దగ్గరి గాయం చేటు తెచ్చింది. అది కుళ్లి గ్యాంగ్రీన్ అయింది, మోకాలి కింద కాలు తీసేశారు. జైపూర్ కాలితో ఆమె మళ్లీ నాట్యం చేసిన కథే సింగీతం శ్రీనివాసరావు తీసిన 'మయూరి'. మనకు ఆ సినిమాలో కాలు పోయాక వచ్చిన ధైర్యం గుర్తుంది. కాలు ఎందుకు పోయిందన్నది అంతగా గుర్తులేదు. పిండికట్టు కింద గాయం ఉంటే కిటికీ కోసి రోజూ చూడడమో, అసలు పిండికట్టు వేయకుండా బయట రాడ్లు బిగించడమో వైద్య విద్యార్థులకు తొలి పాఠాల్లోనే చెబుతారు.

దెబ్బ తగిలిన చోటికి వద్దాం. 2005 ఆగస్టు 15న 108 మొదలైనప్పటి నుంచి మన రాష్ట్రంలో క్షతగాత్రుణ్ని ఆటోలో మడిచి కూలేసే అలవాటు తగ్గింది, పోలేదు. రక్తం కారుతుంటే గుడ్డ మడిచి గట్టిగా అదిమి పట్టాలి, సాధారణంగా అదే సరిపోతుంది. కొబ్బరితాడుతో బిగించి కట్టే అలవాటు వల్ల సిరలు మూసుకుని ధమని తెరిచే ఉంటే రక్తం ఇంకా ఎక్కువ పోతుంది. ఇక కాఫీపొడి, సున్నం, పసుపు. వాటిని ఆపరేషన్ టేబుల్ మీద గంటసేపు ఏరుకోవలసింది సర్జనే. రక్తస్రావం ఎక్కువగా ఉన్నవాళ్లకు ట్రానెగ్జామిక్ ఆమ్లం ఇంజెక్షన్ మూడు గంటల్లోపు పడితే ప్రాణాలు దక్కుతాయని క్రాష్-2 పరిశోధన తేల్చింది. 40 దేశాల్లో 20,211 మంది మీద జరిగిన ఆ పరిశోధనలో మన దేశపు ఆసుపత్రుల పాలు పెద్దది. మరణాలు 16 శాతం నుంచి 14.5 శాతానికి తగ్గాయి. మందు చవక, ఏ ఏరియా ఆసుపత్రిలోనైనా ఉంచదగ్గదే.

యాంటీబయాటిక్ సంగతి ఇంకా స్పష్టం. ఎముక బయటపడ్డ గాయాల మీద పట్జాకిస్ బృందం 1974లో ప్రచురించిన పోలికలో మందు ఇవ్వనివాళ్లలో 13.9 శాతానికి చీము పడితే, సెఫలోథిన్ ఇచ్చినవాళ్లలో 2.3 శాతానికే పడింది. తర్వాత వచ్చిన మార్గదర్శకాలు గంటలోపు మొదటి మోతాదు పడాలంటాయి. అంటే కాకినాడ చేరాక కాదు, రామచంద్రపురంలోనే. పెద్దాసుపత్రికి రాసి పంపే కాగితం మీద ఏ మందు, ఎన్ని గంటలకు ఇచ్చారో రాయాలి. టీటీ ఇంజెక్షన్ సంగతి మన జనానికి చెప్పనక్కర్లేదు, గుండుసూది గుచ్చుకున్నా వేయించుకుంటారు. అయితే బురదగాయం బాగా పెద్దదైతే ఒక్క టీటీ చాలకపోవచ్చు, ధనుర్వాతానికి తయారైన ప్రతిరక్షకాలు కూడా ఇవ్వాల్సి రావచ్చు. ఉప్పునీటి రొయ్యల చెరువులో తగిలిన గాయమైతే డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పాలి. అలాంటి నీళ్లలో ఉండే విబ్రియో జాతి క్రిములు ఒక్క రోజులో కండను తినేయగలవు. వాటికి డాక్సీసైక్లిన్‌ను మరో మందుతో కలిపి వాడతారు. ఆ మందు టెట్రాసైక్లిన్ల కుటుంబంలోది, ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ వెలువడింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపించిన లెడర్లే ప్రయోగశాలల నుంచే. గోదావరి ఉప్పునీటి చెరువుల గాయానికి గోదావరి మనిషి బాకీ తీర్చినట్టుంది.

ఇక గాయం కడిగే ఆపరేషన్ ఎంతలో జరగాలి? ఆరు గంటల్లో అని తరతరాలుగా చెప్పుకొచ్చారు. ఆ ఆరు గంటల పుట్టుక తెలిస్తే నవ్వొస్తుంది. 1898లో జర్మన్ సర్జన్ ఫ్రీడ్రిక్ గినీ పందులకు గాట్లు పెట్టి, వాటిలో తోటమట్టి, మెట్ల మీది దుమ్ము వేసి చూసి చెప్పిన లెక్క అది. ఇప్పటి అధ్యయనాల్లో ఆరు గంటల గీతకు గట్టి ఆధారం దొరకలేదు. అమెరికాలో తీవ్రంగా గాయపడ్డ కాళ్లను వెంటాడి చూసిన లీప్ అధ్యయనంలోని రోగుల్లో 315 మంది వివరాలను పొల్లాక్ బృందం 2010లో ప్రచురించింది. ఆపరేషన్ ఎన్ని గంటలకు అయిందన్నది ఇన్ఫెక్షన్‌ను పెద్దగా మార్చలేదు. పూర్తి చికిత్స దొరికే ఆసుపత్రికి ఎంత త్వరగా చేరారన్నది మార్చింది. ఈ ఒక్క ఫలితాన్ని మన జిల్లాలో గోడ మీద రాయించవచ్చు. రామచంద్రపురం నుంచి కాకినాడ ముప్పై కిలోమీటర్లు. కానీ మనవాళ్ల ప్రయాణం తిన్నగా సాగదు. ముందు తెలిసిన క్లినిక్, అక్కడ నాలుగు కుట్లు. తర్వాత ఇంకో నర్సింగ్ హోమ్, అక్కడ ఎక్స్‌రే. అక్కడి నుంచి కాకినాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, అడ్వాన్సు సరిపోక చివరికి రంగరాయ వైద్య కళాశాల అనుబంధ జీజీహెచ్. చేరేసరికి తెల్లారిపోతుంది. ప్రతిచోటా కట్టు విప్పి చూడడం, మళ్లీ కట్టడం. మొదటిచోటే సెల్‌ఫోన్లో ఒక ఫొటో తీసి, తడి గాజుగుడ్డ కప్పి, చెక్కలు కట్టి పంపితే మధ్యలో ఎవరూ విప్పనక్కర్లేదు. బ్రిటిష్ మార్గదర్శకాలు కూడా ఫొటో తీయమనే చెబుతున్నాయి. అవి మామూలు గాయాలకు 24 గంటలు, తీవ్రమైనవాటికి 12 గంటలు గడువిస్తూ, పొలం మట్టి, మురుగు, సముద్రపు నీరు బాగా పట్టిన గాయాలను మాత్రం ఆలస్యం లేకుండా కడగమంటాయి. మన కాలువగట్టు గాయాలు చాలా మటుకు ఈ చివరి గుంపులోకే వస్తాయి.

ఆ కడగడమన్నది ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూడాలి. సెలైన్ బాటిళ్లు ఒకదాని తర్వాత ఒకటి పోస్తారు. 2,400 మందికి పైగా రోగులతో జరిపి 2015లో ప్రచురించిన ఫ్లో పరిశోధన, నీళ్లు ఎంత ఒత్తిడితో కొట్టినా తేడా లేదని, సబ్బు కలిపితే మళ్లీ ఆపరేషన్లు పెరిగాయని చెప్పింది. కాబట్టి ఖరీదైన జెట్ యంత్రం లేదని జిల్లా ఆసుపత్రి సిగ్గుపడనక్కర్లేదు. అసలు కష్టం తర్వాత. గాయం చిన్నదిగా ఉంటే కత్తితో పెద్దది చేస్తారు, బయటున్న బంధువులకు ఇది మింగుడుపడదు. లోపల కండను పొరలు పొరలుగా విప్పి ప్రతి కట్టనూ పరీక్షిస్తారు. రంగు ఎర్రగా ఉందా, నల్లగా మారిందా. వేలికి బిగువుగా తగులుతోందా, గుజ్జులా ఉందా. ఫోర్సెప్స్‌తో గిల్లితే ముడుచుకుంటోందా. కోస్తే రక్తం చిమ్ముతోందా. నాలుగింటికీ జవాబు తప్పితే ఆ కండ తీసేయాల్సిందే, అది పిక్కలో సగమైనా సరే. అనుమానం ఉన్నదాన్ని వదిలి 48 గంటల్లోపు మళ్లీ చూస్తారు. చచ్చిన కండను జాలిపడి ఉంచిన సర్జన్ కంటే నిర్దయగా తీసిన సర్జనే కాలు దక్కిస్తాడు. ఈ పని రాత్రి రెండింటికి ఒంటరిగా ఉన్న జూనియర్ మీద వదిలేయడం మన ఆసుపత్రుల్లో పెద్ద లోపమని నా ఉద్దేశం.

కడిగాక వెంటనే కుట్టవచ్చా? పాత పుస్తకాలు ససేమిరా అన్నాయి. కోయంబత్తూరు గంగా ఆసుపత్రిలో ఎముకల వైద్యుడు ఎస్. రాజశేఖరన్, ప్లాస్టిక్ సర్జన్ ఎస్. రాజా సభాపతి మొదటి రోజు నుంచే కలిసి గాయాన్ని చూసే పద్ధతి పెట్టాక ఈ మాటకు సవరణ వచ్చింది. తోలు పోకుండా, రక్తనాళం తెగకుండా, శుభ్రంగా కడిగిన కొన్ని గాయాలను గట్టిగా వడపోసి అప్పుడే మూయవచ్చని వాళ్లు చూపించారు. వడపోత అన్న మాటను వదిలేసి 'గంగాలో కుడుతున్నారు' అన్నది మాత్రమే పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అంచులు లాగి బిగించి కుట్టిన గాయం ఉబ్బుతుంది, తోలు తెల్లబోతుంది, అడుగున చీము పడుతుంది. లాగకుండా కలవని గాయాన్ని వదిలేయడమే క్షేమం.

వదిలేశాక ఎన్నాళ్లలో కప్పాలన్నది ఈ మొత్తం చర్చలో బరువైన ప్రశ్న. దానికి జవాబు స్లొవేనియాలోని ల్యుబ్లియానా నుంచి వచ్చింది. మార్కో గోదినా 532 మందికి ఒంటి మీద వేరేచోటి నుంచి కండను రక్తనాళాలతో సహా తెచ్చి సూక్ష్మదర్శిని కింద అతికించాడు. 72 గంటల్లోపు చేసినవాటిలో అలా తెచ్చిన కండ (దీన్నే ఫ్లాప్ అంటారు) చచ్చింది 0.75 శాతం, ఇన్ఫెక్షన్ 1.5 శాతం. మూడు రోజులు దాటి మూడు నెలల్లోపు చేసినవాటిలో 12 శాతం, 17.5 శాతం. ఆ వ్యాసం 1986లో వచ్చింది, అదే ఏడాది గోదినా నలభై మూడేళ్లకే రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఇప్పటి పరికరాలతో 72 గంటల గీత అంత గట్టిది కాదని, వారం దాకా ఫలితాలు బాగానే ఉంటున్నాయని తర్వాతివాళ్లు వాదించారు. గీత మూడు రోజులా, ఏడా అన్నది పెద్దాసుపత్రుల తగవు. మన దగ్గర రోగి ప్లాస్టిక్ సర్జన్ కంట పడేదే చాలాసార్లు ఆ రెండు గీతలూ దాటాక.

కప్పడానికి ప్రతిసారీ మైక్రోస్కోపు కావాలనుకోవడం పొరపాటు. మోకాలి దగ్గరి గాయానికి పిక్కలోని పై కండను, నడిమి భాగానికి దాని కింది కండను తిప్పి తేవచ్చు. చీలమండ, మడమ దగ్గరికి పిక్క వెనక తోలును దాని రక్తనాళంతో తలకిందులుగా దించే సూరల్ ఫ్లాప్ ఉంది, 1992లో మాస్కెలే దానికి శరీర నిర్మాణపు లెక్క చెప్పాక ప్రపంచమంతా వాడుతోంది. ఇందాకటి పిల్లల మడమకు కూడా ఇదే దిక్కు. మిషన్లో నలిగిన చేతికైతే 1972లో మెక్‌గ్రెగర్, జాక్సన్ చెప్పిన గజ్జ ఫ్లాప్. చేతిని గజ్జల దగ్గరి తోలుకు అతికించి మూడు వారాలు అలాగే ఉంచుతారు. మనిషి ఆ మూడు వారాలు అన్నం ఎడమచేత్తో తింటూ, పక్కకు తిరగలేక పడే అవస్థ చూస్తే పాతకాలపు వైద్యంలా అనిపిస్తుంది. కానీ ఆ చెయ్యే తర్వాత కొడవలి పట్టగలదు. ఈ ఆపరేషన్లు చేయగల ప్లాస్టిక్ సర్జన్ జిల్లాకొకరు ఉంటే చాలు, హైదరాబాదు నిమ్స్ దాకానో, విశాఖ కేజీహెచ్ దాకానో పోనక్కర్లేదు.

ఈ మధ్య ప్రైవేటు ఆసుపత్రుల్లో వ్యాక్ మిషన్ పేరు మోగుతోంది. స్పాంజి పెట్టి, ప్లాస్టిక్ పొర కప్పి, లోపలి గాలిని లాగే యంత్రం. గాయాన్ని శుభ్రంగా, పొడిగా ఉంచడానికి మంచిదే. కానీ బ్రిటన్‌లో ఎముక బయటపడ్డ కాళ్ల మీద 460 మందితో జరిగిన వొల్ఫ్ పరిశోధన (2018) మామూలు కట్టుతో పోలిస్తే ఏడాది తర్వాత కాలి పనితీరులో గాని, లోతు ఇన్ఫెక్షన్‌లో గాని చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. బిల్లులో దానికి పడే అంకెను చూస్తే ఈ ఫలితం జనానికి తెలియాలనిపిస్తుంది. ఫ్లాప్ చేసేవాళ్లు దొరికేదాకా మధ్యలో వాడుకోవచ్చు. ఫ్లాప్‌కు బదులుగా వారాల తరబడి నడిపితే అడుగున ఎముక ఎండిపోతుంది.

ఎముక విరిగి తోలు చిట్లకపోతే ఇంకో గండం. కండ లోపల ఉబ్బి, దాన్ని చుట్టిన గట్టి పొర సాగక, రక్తం ఆడక కొన్ని గంటల్లో చచ్చిపోతుంది. నొప్పి దెబ్బకు మించి ఉంటుంది, వేళ్లను కాస్త సాగదీస్తే రోగి కేకేస్తాడు. అప్పుడు ఆ పొరను నిలువునా చీల్చాలి. మనవైపు ఇది చేయిదాటేది నాటుకట్ల దగ్గర. తిరుపతి జిల్లా పుత్తూరు దగ్గర రాచపాలెం కట్టుకు తరాల పేరుంది. కదలని, తోలు చెదరని విరుపు వెదురుబద్దల మధ్య అతుక్కోవడంలో వింత లేదు, ప్రకృతి అతికిస్తుంది. ఊరూరా ఆ పేరు చెప్పుకుని వాచిన కాలికి బిగించే కట్లతోనే భయం. వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కుతున్నా 'కట్టు పనిచేస్తోంది' అని సర్దిచెప్పేవాళ్లను నమ్మకూడదు. గాయం ఉన్నచోట నాటుకట్టు అసలే వద్దు.

అన్నీ చేసినా కొన్ని కాళ్లు ఉంచకపోవడమే మేలు. ఎక్కడ ఆపాలో చెప్పే కొలతల్లో మనకు దగ్గరైనది గంగా వాళ్లదే, 2006లో ప్రచురించారు. తోలుకు, ఎముకకు, కండ-స్నాయువు-నరాలకు విడివిడిగా ఒకటి నుంచి అయిదు మార్కులు, షుగరు వంటి జబ్బులకు తలా రెండు. మొత్తం 14 లోపు ఉంటే ఉంచడానికి ప్రయత్నం, 17, ఆ పైన ఉంటే తీసేయడం, మధ్యలో ఉన్నవాళ్ల సంగతి కూర్చుని ఆలోచించడం. ఎముక బయటపడ్డ గాయాలను విభజించడానికి అంతకు ముందున్న గస్టిలో వర్గీకరణలో మూడో-బి తరగతిలోనే తీవ్రతలో తేడాలున్న గాయాలన్నీ కలిసిపోయేవి. తోలుకు ఎముకతో సమానంగా మార్కులివ్వడమే దీని గొప్ప. తీసేస్తే జీవితం అయిపోయినట్టు కాదని లీప్ అధ్యయనం చెప్పింది. 569 మందిని రెండేళ్లు చూస్తే కాలు దక్కించుకున్నవాళ్లు, కోల్పోయినవాళ్లు దాదాపు ఒకేలా ఉన్నారు, ఇరువైపులా సగం మందే పనికి తిరిగి వెళ్లారు. కాలు ఉంచుకున్నవాళ్లే మళ్లీ మళ్లీ ఆసుపత్రిలో చేరారు. చదువు, ఆదాయం, బీమా, ఇంట్లో ఆసరా ఉన్నాయా అన్నవే ఫలితాన్ని ఎక్కువగా మార్చాయి. అయితే ఇది అమెరికా లెక్క. గట్టు మీద నడవాల్సిన కౌలురైతుకు కృత్రిమ కాలు ఇచ్చి పంపడం ఒకటి, బురదలో అది అరిగితే మార్చేది ఎవరన్నది ఇంకొకటి.

చివరికి డబ్బు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, కొన్ని లక్షల కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది. కానీ ప్యాకేజీలు ఆపరేషన్ల వారీగా ఉంటాయి. రాడ్డు ఒకటి, గ్రాఫ్టు ఒకటి, ఫ్లాప్ ఇంకొకటి. మొదటిది చేసిన ఆసుపత్రికి మూడోది చేసే మనిషి లేకపోతే రోగి ఎముక కుదిరి, గాయం తెరుచుకునే ఉండగా డిశ్చార్జి అవుతాడు. 2025 మే 5న కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత పథకం రోడ్డు ప్రమాద బాధితులకు లక్షన్నర రూపాయల దాకా ఇస్తుంది, ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకే. ప్రాణం కాపాడడానికి ఆ గడువు సరిపోవచ్చు. రెండుసార్లు కడిగి, ఫ్లాప్ వేసి, అది నిలిచిందో లేదో చూడడానికే రెండు వారాలు పడుతుంది. ఈ గాయాలకు గడువును రోజుల్లో కాకుండా తోలు మూసుకునేదాకా అని రాయాలి, రాడ్డుకూ ఫ్లాప్‌కూ కలిపి ఒకే ప్యాకేజీ పెట్టి, రెండూ చేయగల చోటికే డబ్బు చెల్లించాలి. కాకినాడలో ఆ ఏర్పాటు గట్టిపడితే రామచంద్రపురం ఏరియా ఆసుపత్రికి మిగిలే పని తేలికైనదే: గంటలోపు యాంటీబయాటిక్, ఒక ఫొటో, కుట్టకుండా కప్పిన తడి గుడ్డ, తిరిగొచ్చాక కట్టు మార్చే నర్సు, కీలు బిగుసుకోకుండా కదిలించే ఫిజియోథెరపిస్టు.